కంబాలకొండ చుట్టుపక్కల తోటల్లో దుప్పులను చూడటానికి భూయజమాని అనుమతి పొందడం ఎలా

ఎండలు ముదిరి గెడ్డలు (వాగులు) అడుగంటే నెలల్లో కంబాలకొండ అభయారణ్యంలోని చుక్కల దుప్పులు నీటి కోసం, లేత మేత కోసం తెల్లవారుజామున అంచు గ్రామాల జీడిమామిడి తోటల్లోకి దిగుతాయి. సుమారు 71 చదరపు కిలోమీటర్ల ఈ అడవి విశాఖపట్నం నగరాన్ని ఆనుకునే ఉన్నందున, కెమెరా పట్టుకుని ఆనందపురం వైపో అడవివరం వైపో బయలుదేరే యువకుల సంఖ్య పెరిగింది. అభయారణ్యం లోపల ఫోటోలు తీయడానికి అటవీశాఖ అనుమతి కావాలని వారిలో చాలామందికి తెలుసు గానీ, కంచె ఇవతలి తోట ఒకరి సొంత ఆస్తి అని, అక్కడ అడుగు పెట్టడానికి కూడా ఒకరిని అడగాలని గుర్తుండటం లేదు.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. భూయజమాని మీకు దారి ఇవ్వగలడు, చెట్టు కింద కూర్చోనివ్వగలడు, కానీ వేటకు అనుమతి ఇవ్వలేడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 9వ సెక్షన్ దుప్పి వేటను నిషేధిస్తుంది, ఆ నిషేధం పట్టా భూమికీ వర్తిస్తుంది. పంటను నాశనం చేస్తున్న జంతువు విషయంలో 11వ సెక్షన్ కింద రాతపూర్వక ఉత్తర్వు ఇచ్చే అధికారం ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి, ఆయన అధికారమిచ్చిన అధికారికి మాత్రమే ఉంటుంది. చనిపోయి కనిపించిన దుప్పి సైతం ప్రభుత్వ ఆస్తే గనుక, మాంసం పంచుకోవడం అనే మాట ఎవరి నోట వచ్చినా అక్కడి నుంచి లేచి వచ్చేయాలి. ఫోటోలు తీసేవారు గమనించాల్సిన సంగతి మరొకటి ఉంది. ఈ చట్టం వేట అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో జంతువును తరమడం, దానికి ఎర వేయడం కూడా ఉన్నాయి. దుప్పి దగ్గరకు రావాలని ఉప్పు ముద్దో పండ్లో పెట్టడం అందువల్ల తప్పు.

ఇక అడగాల్సింది ఎవరిని అన్నది మొదటి చిక్కు. ప్రభుత్వ భూ రికార్డుల మీభూమి వెబ్‌సైటులో సర్వే నంబరు కొడితే, ఏ భూమిని ఎవరు సాగు చేస్తున్నారో చూపే రికార్డు అయిన అడంగల్‌లో పట్టాదారు (యజమాని) పేరు, అనుభవదారు (సాగులో ఉన్నవారి) పేరు వేర్వేరు గడుల్లో కనిపిస్తాయి. ఆ రెండు పేర్లూ ఒకటి కాకపోతే ఇద్దరినీ అడగాలి. సర్వే నంబరు తెలియకపోతే గ్రామ సచివాలయంలో గ్రామ రెవెన్యూ అధికారిని కలవడం మంచిది. అయితే కాగితంలో లేని మూడో మనిషి ఒకరుంటారు. మామిడి, జీడి తోటలను పూత దశలోనో కాయ దశలోనో గుత్తకు ఇచ్చే అలవాటు మన ప్రాంతంలో ఉంది కాబట్టి, కోత ముగిసేవరకు తోట ఆ గుత్తదారు చేతిలోనే ఉంటుంది. కొన్నేళ్ల క్రితం నేను నగరంలో నివసించే యజమానితో ఫోన్లో మాట్లాడి, ఆయన సరేనన్న ధైర్యంతో ఏప్రిల్ నెలలో ఒక మామిడి తోటలోకి వెళ్లాను. కాయ దొంగ అనుకుని గుత్తదారు మనుషులు నన్ను పట్టుకున్నారు. యజమాని ఫోన్ ఎత్తేసరికి గంట పట్టింది. వారి కోపంలో న్యాయం ఉందని నాకు ఆ రోజే అర్థమైంది, ఎందుకంటే డబ్బు పెట్టి రాత్రింబవళ్లు కాపలా కాస్తున్నది వారు.

అడవివరం పరిసరాల్లో అదనపు జాగ్రత్త అవసరం. సింహాచలం దేవస్థానానికీ నివాసులకీ మధ్య నడుస్తున్న పంచగ్రామాల భూ సమస్యలో ఆ ఊరు కూడా ఉంది. అలాంటి చోట మీ అభ్యర్థన ఎవరి హక్కుకూ సాక్ష్యంగా మారకుండా చూసుకోవాలి, కాబట్టి కాగితం మీద ఎవరినీ యజమాని అని రాయకుండా, అక్కడ సాగు చేస్తున్నవారి నోటిమాట అనుమతితో సరిపెట్టుకోవడం మేలు.

మొదటిసారి వెళ్లేటప్పుడు కెమెరా తీసుకువెళ్లవద్దు. ల్యాండ్ పూలింగ్ (ప్రభుత్వం రైతుల భూములను సమీకరించడం) మాట విన్న ఊళ్లలో, లేఅవుట్లు పొలం గట్టుదాకా వచ్చిన ఊళ్లలో, పెద్ద లెన్సు పట్టుకున్న అపరిచితుడు రియల్ ఎస్టేట్ బ్రోకరుగానో సర్వే మనిషిగానో కనిపిస్తాడు. ఉదయం పనుల వేళ కాకుండా, సాయంత్రం పశువులను కట్టేసి పాక ముందు కూర్చునే వేళ వెళ్లి, చెప్పులు బయట విడిచి, పెద్దాయనను బాబాయిగారూ అని పలకరించి మీ ఊరు, ఇంటిపేరు, చేసే పని చెప్పాలి. "ఏటి బాబూ, ఇలాగొచ్చారు?" అని ఆయన అడిగాక వచ్చిన పని చెప్పడం పద్ధతి. "మీ తోటలోకి పొద్దున్నే దుప్పులు వస్తాయని విన్నానండీ. ఒక మూల కూర్చుని చూసుకుని, ఎనిమిది గంటల లోపు వెళ్లిపోతాను. మీకు ఇబ్బంది లేకపోతేనే" అంటే చాలు. ఆ ఇంటి ఆడవాళ్లు తోటపనికి ఏ వేళ వెళ్తారో అడిగి, ఆ వేళ తప్పించుకుంటానని చెప్పండి. నా అనుభవంలో ఈ ఒక్క మాటతో ఇంటిల్లిపాదికీ నమ్మకం కుదిరింది.

రైతు వెంటనే ఒప్పుకోకపోవడానికి పైకి చెప్పని కారణం ఒకటి ఉండవచ్చు. అడవి పందుల బెడద భరించలేక కొందరు కంచెకు కరెంటు తీగ కలుపుతారు, ఉచ్చులు పన్నుతారు. ఆ సంగతి మీ ద్వారా అటవీశాఖకు చేరుతుందేమోనని భయం. అది నేరం, పైగా చీకట్లో ఆ తీగ తగిలితే చనిపోయేది పంది ఒక్కటే కాదు, ఆ దారిన నడిచే మనిషి కూడా. అందువల్ల, ఎంత మొహమాటంగా ఉన్నా, "తీగలు గానీ ఉచ్చులు గానీ ఎక్కడైనా ఉన్నాయా?" అని నేరుగా అడగాలి. ఉన్నాయంటే, లేదా సమాధానం దాటవేస్తే, ఆ తోటలో అడుగు పెట్టవద్దు. పంట నష్టానికి అటవీశాఖకు దరఖాస్తు పెట్టుకోవడంలో సాయం చేస్తానని చెప్పండి, నిజంగా చేయండి. తీగ తొలగించమని బతిమాలినా వినకపోతే, మనుషుల ప్రాణాలకు సంబంధించిన విషయం గనుక విద్యుత్ పంపిణీ సంస్థకు తెలియజేయక తప్పదు.

ఒప్పుకున్నాక, అడవివరంలో లాంటి వివాదం లేని భూమి అయితే, ఒక చిన్న కాగితం రాసుకుంటే ఇద్దరికీ క్షేమం. స్టాంపు పేపరు అవసరం లేదు. "ఫలానా గ్రామం, సర్వే నంబరు ఫలానాలో గల నా తోటలోకి, ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు, ఉదయం ఐదు నుండి ఎనిమిది గంటల మధ్య, వన్యప్రాణులను చూచుటకు, ఫోటోలు తీయుటకు మాత్రమే ఫలానా వ్యక్తికి అనుమతి ఇచ్చితిని. వేటకు గానీ, కాయలు, కట్టెలు తీసుకొనుటకు గానీ ఇది వర్తించదు" అని రాసి, ఇద్దరూ సంతకాలు చేసి, చెరొక ప్రతి ఉంచుకోవాలి. మాత్రమే అన్న పదం వదలవద్దు. గస్తీ సిబ్బంది ఎదురైతే చూపవలసినది ఈ కాగితమే. వెంట మిత్రుణ్ని తీసుకెళ్లాలంటే అతని పేరు కూడా అందులో ఉండాలి.

తోటలో మెలగవలసిన తీరు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. తెరిచిన గేటు తెరిచినట్టే, మూసినది మూసినట్టే ఉంచాలి. ఎండుటాకుల మీద సిగరెట్టు వెలిగించకూడదు, కుక్కను తీసుకురాకూడదు, రాలిన దుప్పి కొమ్ము కనిపించినా ముట్టకూడదు.

ఫోటోను నలుగురికీ పంచే విషయంలో మాత్రం నేను కఠినంగానే ఉంటాను. ఊరి పేరు, తోట గుర్తులు, ఫోన్ దానంతట అదే నమోదు చేసే లొకేషన్, ఈ మూడూ తీసేయకుండా ఒక్క చిత్రం కూడా ఎవరికీ పంపకూడదు. ఆ వివరం ఉచ్చులు పన్నేవారికి చేరితే, మిమ్మల్ని నమ్మి దారి ఇచ్చిన రైతు తోటలోనే రాత్రికి మనుషులు దిగుతారు. తీసిన వాటిలో మంచిది ఒకటి అచ్చు వేయించి ఆ ఇంటికి ఇవ్వండి. డబ్బు ఇవ్వబోతే చాలామంది నొచ్చుకుంటారు గానీ, ఫోటోను గోడకు తగిలించుకుంటారు.

అనుమతి ఒక్క సీజనుకే అనుకోవాలి. గుత్తదారు మారవచ్చు, భూమి అమ్ముడుపోవచ్చు, అన్నదమ్ములు పంచుకోవచ్చు. కాబట్టి సంక్రాంతి వెళ్లాక, పూత చూసుకుని గుత్తల బేరాలు జరిగే రోజుల్లో మళ్లీ ఆ పాక దగ్గరకు వెళ్లి, ఈసారి తోట ఎవరి చేతిలో ఉందో కనుక్కుని, కొత్త తేదీలతో కాగితం రాయించుకోవాలి.