వేసవి ప్రయాణాలకు ముందు నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్లు కొంటున్నారా? ఈ జాగ్రత్తలు చూడండి

డబ్బా మీద 'ఏఎన్‌సీ' అని ఉందా, 'ఈఎన్‌సీ' అని ఉందా? ధర అడగకముందే చూడాల్సింది అది. తక్కువ రేటు ఇయర్‌బడ్స్ మీద పెద్దక్షరాలతో ఈఎన్‌సీ అని వేసి, పక్కన 'నాయిస్ క్యాన్సిలేషన్' అని రాసేస్తారు. ఈఎన్‌సీ మీ ఫోన్ కాల్‌లో అవతలివాళ్లకు మీ చుట్టూ ఉన్న గోల వినపడకుండా చేస్తుంది. మీ చెవికి మాత్రం ఏ గోలా తగ్గదు. చెవిలో రొద తగ్గాలంటే ఉండాల్సింది ఏఎన్‌సీ, అంటే యాక్టివ్ నాయిస్ క్యాన్సిలేషన్. అంగడిలో 'రెండూ ఒకటే సార్' అంటే నమ్మకండి.

ఏఎన్‌సీ పనితీరు తెలిస్తే దాని నుంచి ఏం ఆశించవచ్చో తెలుస్తుంది. హెడ్‌ఫోన్ మీదున్న మైకు బయటి శబ్దాన్ని పట్టుకుంటుంది. లోపలి చిప్పు దానికి సరిగ్గా తలకిందులుగా ఉండే తరంగాన్ని తయారుచేసి స్పీకర్ నుంచి వదులుతుంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సెకనుకు వందసార్లు కంపించే, అంటే 100 హెర్ట్‌జ్ బొంగురు శబ్దపు తరంగం దాదాపు 3.4 మీటర్ల పొడవుంటుంది, దాన్ని సరిగ్గా ఎదుర్కోవడం సులువు. 3,000 హెర్ట్‌జ్ శబ్దానికి ఆ పొడవు 11 సెంటీమీటర్లే. అక్కడ రవ్వంత ఆలస్యమైనా లెక్క తప్పుతుంది.

అందుకే తిరుమల రెండో ఘాట్‌లో తక్కువ గేరులో మూలుగుతూ ఎక్కే సప్తగిరి బస్సు ఇంజిన్ రొద, ఏసీ బోగీ బ్లోయర్ హోరు బాగా తగ్గుతాయి. రేణిగుంటలో ఏటీఆర్ లాంటి ప్రొపెల్లర్ విమానం ఎక్కేవాళ్లకు ఇంకా మేలు. నిమిషానికి సుమారు వెయ్యి చుట్లు తిరిగే ఆరు రెక్కల ప్రొపెల్లర్ రొద 100 హెర్ట్‌జ్ దగ్గరే ఉంటుంది, ఏఎన్‌సీకి అది ఇష్టమైన మేత. హారన్, పక్క బెర్తులో పసిబిడ్డ ఏడుపు, ప్లాట్‌ఫారం మీద 'చాయ్ చాయ్' కేక మాత్రం అంతగా తగ్గవు. డబ్బా మీద రాసే 45 డెసిబెల్స్, 50 డెసిబెల్స్ అంకెలు మామూలుగా ఏదో ఒక పౌనఃపున్యం దగ్గర దొరికే గరిష్ఠం. ఆ అంకె చూసి రెండు మోడళ్లను పోల్చడం దండగ.

కేకల్నీ హారన్లనీ తగ్గించేది చిప్పు కాదు, చెవికి గట్టిగా ఆనే మెత్త. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. లావు కాడల కళ్లద్దాలు మెత్త కింద సందు చేస్తాయి, ఆ సందులోంచి గోల లోపలికి వస్తుంది. బుట్టకమ్మలు, మాటీలు పెట్టుకునేవాళ్లకు ఓవర్ ఇయర్ మోడల్ అరగంటలో చెవి తమ్మెను నొక్కి నొప్పి పుట్టిస్తుంది. వాళ్లకు రబ్బరు టిప్పులున్న ఇయర్‌బడ్సే మేలు. డబ్బాలో సాధారణంగా మూడు సైజుల టిప్పులిస్తారు, మధ్యది తగిలించి వస్తుంది. చాలామంది దాన్నే వాడుతూ 'ఏఎన్‌సీ పనిచేయడం లేదు' అంటారు. మూడూ వేసి చూడండి. ఎడమ చెవికీ కుడి చెవికీ వేర్వేరు సైజులు కుదిరినా వింతేం కాదు.

ఇంకోటి, మన తిరుపతి వైపుకే ప్రత్యేకం. తలనీలాలు ఇచ్చిన కొత్తలో గుండు మీద హెడ్‌బ్యాండు జారుతుంది, గీరుకుంటుంది. పైగా రాసుకున్న గంధం మెత్తల కుట్లలోకి దిగిందంటే ఆ పచ్చ మరక వదలదు. గంధం పూర్తిగా కడిగేదాకా హెడ్‌ఫోన్ సంచిలోనే ఉండనివ్వండి.

అంగట్లో పరీక్ష ఇలా చేయండి. పాట పెట్టకండి, పాట పెడితే ఏదైనా బాగానే ఉన్నట్టుంటుంది. ఏసీ కిందో ఫ్రిజ్ పక్కనో నిలబడి, పాట లేకుండా ఏఎన్‌సీని ఆన్ చేసి, ఆఫ్ చేసి తేడా వినండి. తల అటూ ఇటూ తిప్పండి, దవడ ఆడించండి. అప్పుడు రొద లోపలికి వస్తే ఆ సైజు మీకు కుదరదు. కనీసం 15 నిమిషాలు పెట్టుకునే ఉండండి. ఏఎన్‌సీ వేయగానే కొందరికి కొండెక్కేటప్పుడు చెవులు మూసుకుపోయినట్టు అనిపిస్తుంది. అలాంటివాళ్లు ఏఎన్‌సీ బలాన్ని తగ్గించుకునే వీలున్న మోడలే తీసుకోవాలి. లేకపోతే ఘాట్ మలుపుల్లో అసలే కడుపులో తిప్పుతుంటే దానికిది తోడవుతుంది.

బరువూ మడతా కూడా చూసుకోండి. సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్ఎం5 సుమారు 250 గ్రాములు, కానీ మడవడానికి రాదు, పెట్టె చోటు తింటుంది. ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ 385 గ్రాముల పైమాటే. చిత్తూరు నుంచి హైదరాబాద్ దాకా రాత్రంతా వెంకటాద్రి రైల్లో పెట్టుకునేవాళ్లకు ఈ తేడా మెడ దగ్గర తెలుస్తుంది. కోడెక్‌ల (బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతుల) గొడవ మాత్రం పెద్దగా పట్టించుకోనక్కరలేదు. ఐఫోన్‌కు ఎల్‌డీఏసీ అనే కోడెక్ పనికిరాదని గుర్తుంటే చాలు, దానికోసం అదనంగా డబ్బు పెట్టరు.

పల్లెవెలుగులో కిటికీ సీటు దొరికితే సంతోషమే, ఏఎన్‌సీకి మాత్రం కష్టం. గాలి నేరుగా మైకు మీద కొట్టి చెవిలో బుర్రుబుర్రుమంటుంది. యాప్‌లో గాలి శబ్దం తగ్గించే సెట్టింగ్ ఉంటే వేయండి. లేకపోతే ఏఎన్‌సీ ఆపేసి మెత్తల బిగువుతోనే సరిపెట్టుకోండి.

మన ఎండలు వీటికి పడవు. ఎయిర్‌పాడ్స్‌ను 35 డిగ్రీల దాకానే వాడమని, 45 డిగ్రీల దాకానే నిల్వ ఉంచమని కంపెనీ చెబుతుంది. మేలో ఎండలో నిలిపిన కారు లోపల వేడి 45 దాటడం ఎంతసేపు? డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే ముందు బ్యాటరీ జీవం తగ్గుతుంది, తర్వాత మెత్తల రెగ్జిన్ పొరలు పొరలుగా ఊడుతుంది. చెమట తడితో పెట్టెలో పెట్టి మూయకండి. పొడి గుడ్డతో తుడిచి, పది నిమిషాలు నీడలో ఆరనివ్వండి. ఐపీఎక్స్4 అంటే చిలకరింపులకు తట్టుకుంటుందనే, కొళాయి కింద కడగొచ్చని కాదు. ఓవర్ ఇయర్ మోడళ్లలో చాలావాటికి ఆ రేటింగూ ఉండదు. ఇయర్‌బడ్స్ జాలీలో గుబిలి చేరితే లోపలి మైకు మూసుకుపోయి కీచుమని కూత వస్తుంది. పిన్నుతో పొడవద్దు, మెత్తటి పొడి బ్రష్ చాలు.

ఏఎన్‌సీ అసలు లాభం వాల్యూమ్ తగ్గించుకోగలగడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన వారానికి 80 డెసిబెల్స్ అయితే 40 గంటలు, 90 డెసిబెల్స్ అయితే 4 గంటలే వినాలి. పిల్లలకు 40 గంటలకు 75 డెసిబెల్సే హద్దు. రొద తగ్గాక కూడా పాత వాల్యూమ్‌లోనే వింటుంటే పెట్టిన డబ్బు చెవులకు ఉపయోగపడనట్టే.

ఎక్కడ తీసేయాలో ఇక చెప్పాలి. బండి తోలేటప్పుడు ఒక చెవికి కూడా వద్దు, ముఖ్యంగా మొగిలి ఘాట్‌లో. వెనకొచ్చే లారీ ఇంజిన్ రొదనే ఏఎన్‌సీ ముందు మింగేస్తుంది. పట్టాలు దాటేటప్పుడూ అంతే. అలిపిరి మెట్లదారిలో 2023 ఆగస్టులో ఆరేళ్ల చిన్నారిని చిరుత పొట్టనపెట్టుకుంది. అప్పటినుంచి గుంపులుగా నడవమంటున్నారు. పొదలో అలికిడి, సిబ్బంది ఈల, వెనకున్నవాళ్ల కేక వినపడాలి. బయటి శబ్దాన్ని మైకుతో పట్టి చెవికి వినిపించే ట్రాన్స్‌పరెన్సీ మోడ్ ఉందిగా అనుకోవద్దు. అందులో శబ్దం వినపడుతుంది గానీ ఏ దిక్కు నుంచి వచ్చిందో చెవి అంత బాగా పట్టుకోలేదు. మెట్లదారిలో గోవింద నామాలే వింటూ నడవండి.

రైల్లో నిద్రపోయేవాళ్లు అలారంతో పాటు వైబ్రేషన్ కూడా పెట్టుకుని ఫోన్‌ను జేబులో ఉంచుకోండి. బడ్ చార్జింగ్ అయిపోయినా, చెవిలోంచి జారిపోయినా రేణిగుంట దాటిపోకుండా ఉంటారు. విమానంలో పవర్‌బ్యాంకును చెకిన్ బ్యాగులో వేయకూడదు, చేతి సంచిలోనే తీసుకెళ్లాలి. సీటు ముందు స్క్రీన్ ఉన్న విమానాల్లో వెళ్లేవాళ్లు 3.5 మిల్లీమీటర్ల వైరు ఉన్న మోడల్ తీసుకుంటే మంచిది. కొన్ని మోడళ్లు చార్జింగ్ లేకపోతే వైరు పెట్టినా పలకవు, ముందే అడిగి తెలుసుకోండి.

కొండమీద శ్రీవారి దర్శనానికి ఫోన్‌తో పాటు ఇవి కూడా లోపలికి రావు. వీలైతే గదిలోనే పెట్టి తాళం వేసుకోండి. డిపాజిట్ కౌంటర్‌లో ఇవ్వాల్సి వస్తే ఓవర్ ఇయర్ అయితే ఆఫ్ చేసి, బడ్స్ అయితే పెట్టె తెరిచి రెండూ ఉన్నాయో లేదో చూసుకుని ఇవ్వండి. తిరిగి తీసుకునేటప్పుడు కూడా కౌంటర్ దగ్గరే తెరిచి చూసుకోండి. టోకెన్‌ను బడ్స్ పెట్టెలో దాచుకోకండి.