కొత్త పాము ఇంటికొచ్చే ముందు: మైట్స్ విషయంలో జాగ్రత్తలు

జిలేబీ రెండు రోజులుగా నీళ్ల గిన్నెలోంచి లేవడం లేదని మావాడు చెప్తే, టెక్సస్ ఎండలు కదా, దానికీ ఉక్కగా ఉందేమో అన్నాను. జిలేబీ అంటే మా పెంపుడు పాము, బాల్ పైథాన్ జాతిది. అది చుట్ట చుట్టుకుని పడుకుంటే ఆ పేరు ఎందుకు పెట్టాడో తెలుస్తుంది. మూడో రోజు గిన్నె కడుగుదామని తీస్తే అడుగున గసగసాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. ఒకదాన్ని తెల్ల పేపర్ టవల్ మీద పెట్టి గోటితో నొక్కాను. ఎర్రటి మరక పడింది. అది మా పాము రక్తం, ఆ చుక్కలు దాన్ని తాగే మైట్స్ అనే చిన్న పురుగులు.

అంతకు మూడు వారాల ముందే ఒక రెప్టైల్ ఎక్స్‌పోలో, అంటే పాములు, బల్లుల్లాంటివి అమ్మే సంతలో, చిన్న కార్న్ స్నేక్‌ని కొన్నాం. అమ్మినవాళ్ల తప్పు ఎంతో నేను చెప్పలేను గానీ, తెచ్చిన రోజే దాని డబ్బాని జిలేబీ ట్యాంక్ పక్కన పెట్టింది మాత్రం నేనే. దాన్ని సరిచేయడానికి చాలా వారాలు పట్టింది. ఈ సెలవుల్లో ఎక్స్‌పోకి వెళ్లి ఇంకో పాముని తెద్దామనుకునేవాళ్లు ముందు ఇది చదవండి.

ఫోన్‌లో అమ్మ అడిగింది, "పాముకి కూడా పేలు పడతాయా?" అని. ఇంచుమించు అంతే. కాకపోతే పేను తల వదలదు. ఈ మైట్ అలా కాదు, తాగినంత తాగి పాము మీద నుంచి దిగిపోతుంది. శాస్త్రీయ నామం ఆఫియోనిసస్ నాట్రిసిస్. రక్తం తాగి ఉబ్బిన ఆడ మైట్ ఒక మిల్లీమీటరు దాటి ఉంటుంది. దిగి, ట్యాంక్ మూలల్లో, మూత జాలీ ఫ్రేము సందుల్లో, చెక్క ముక్కల పగుళ్లలో గుడ్లు పెడుతుంది. ఒక్కోటి జీవితంలో 60 నుంచి 80 దాకా పెడుతుంది. మనం పాముకోసం ఉంచే వెచ్చదనం, తేమ వాటికీ భేషుగ్గా సరిపోతాయి. గుడ్డు నుంచి మళ్లీ గుడ్లు పెట్టే దశకి రెండు వారాలు, అటూ ఇటూ. పెద్ద మైట్ 40 రోజుల వరకూ బతకగలదు. కాబట్టి పాము ఒంటి మీద కనిపించేవి కొన్నే, అసలు కాపురం ట్యాంక్‌లో ఉంటుంది. పాముని మాత్రమే కడిగి ఊరుకుంటే పని కానిది అందుకే.

ఎక్స్‌పోలో జాగ్రత్త కళ్లతోనే మొదలవ్వాలి. కొనాలనుకున్న పాముని మాత్రమే కాదు, ఆ టేబుల్ మీద మిగతా డబ్బాలనీ చూడండి. ఎన్ని పాములు జిలేబీలాగా నీళ్లలో మునిగి కూర్చున్నాయో గమనించండి. పాముని చేతికిచ్చినప్పుడు కంటి చుట్టూ ఉండే అంచు, గడ్డం కింద మధ్యలో ఉండే గాడి, పెదవుల మీది గుంటలు, తోక మొదట్లో మలద్వారం దగ్గర పొలుసు చూడండి. మైట్ ఉన్నచోట పొలుసు కాస్త లేచినట్టు ఉంటుంది. నల్లటి పాము మీద ముగ్గుపిండి దులిపినట్టు తెల్ల చుక్కలుంటే అది వాటి రెట్ట. చివర్లో తెల్ల టిష్యూని కొంచెం తడిపి, పాముని అందులోంచి మెల్లగా జారనిచ్చి, నల్ల చుక్కలు అంటుకున్నాయేమో చూడండి. ఇలా చూస్తానంటే మొహం చిట్లించే అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మేలు. ఇంకో సంగతి, అక్కడ సరదాగా పది పాముల్ని పట్టుకుని, అవే బట్టలతో వచ్చి ఇంట్లో పాముని ఎత్తుకోకండి. బట్టలు డ్రయ్యర్‌లో హైలో వేసి, స్నానం చేసి, ఆ తర్వాతే.

ఇంటికి తెచ్చాక క్వారంటైన్. దీన్ని మా అమ్మమ్మ మడిలాగా పాటించాలని ఇప్పుడు నా అభిప్రాయం. వేరే గది. వేరే నీళ్ల గిన్నె, పాముని ఎత్తే హుక్ వేరే, పటకారు వేరే. కనీసం రెండు నెలలు, పైథాన్, బోవా లాంటివైతే మూడు. కొబ్బరి పొట్టు, చెక్క పొట్టు అందంగా ఉంటాయి గానీ ఆ రోజుల్లో వద్దు. తెల్ల పేపర్ టవల్ పరిస్తే నల్ల చుక్క దాక్కోలేదు. రోజూ ముందు పాత పాము పని చూసుకుని, ఆఖరున కొత్తదాని గదిలోకి వెళ్లాలి. అక్కడి నుంచి మళ్లీ వెనక్కి రాకూడదు. నేను ఎన్నోసార్లు గిన్నె మర్చిపోయి వెనక్కి వచ్చాను, అలా రావడమే ప్రమాదం.

ఇంత చేసినా మైట్ కనిపిస్తే టెన్షన్ పడి ఇంట్లో ఉన్న పురుగుల మందు కొట్టేయకండి. ఒక చిన్న గమనిక: పొట్టులో తెల్లగా, నెమ్మదిగా తిరుగుతూ పాము జోలికి వెళ్లనివి చాలాసార్లు కుళ్లిన చెక్క తినే వేరే పురుగులు, వాటితో హాని లేదు. పాము మీద నల్లగా కనిపించేవే మనకి కావాల్సినవి.

మొదటి రోజు మేం చేసిన క్రమం ఇది. జిలేబీని మూత ఉన్న ప్లాస్టిక్ టబ్‌లో, గోరువెచ్చని నీళ్లలో అరగంట ఉంచాం. నీళ్లు దాని ఒంటి మందంలో సగమే ఉండాలి, తల పైకి ఉండాలి, మనం అక్కడి నుంచి కదలకూడదు. నీళ్లు తగలగానే మైట్స్ తల మీదికి ఎగబాకుతాయి. వాటిని తడి దూదితో తుడిచాం. ఈలోపు ట్యాంక్‌లోని పొట్టు, చెక్క, బెరడు మొత్తం సంచిలో కట్టి అప్పుడే బయట చెత్త డబ్బాలో వేశాం. ఆ బెరడు ముక్క ఖరీదు గుర్తొచ్చి కాస్త బాధేసింది. పాము దాక్కునే ప్లాస్టిక్ గూళ్లని మరిగే నీళ్లతో కడిగాం, 50 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి మైట్స్ తట్టుకోలేవు. చుట్టూ కార్పెట్‌ని వాక్యూమ్ చేసి దాని సంచిని కూడా పారేశాం.

మందు సంగతి రెప్టైల్ వెట్‌ని, అంటే పాముల్లాంటివాటికి వైద్యం చేసే పశువైద్యుణ్ని, అడిగాకే. అమెరికాలో ఉన్నవాళ్లు ఏఆర్ఏవీ అనే వెట్‌ల సంఘం వెబ్‌సైట్‌లో దగ్గరివాళ్లని వెతకొచ్చు. ప్రొవెంట్-ఎ-మైట్ లాంటి, పర్మెత్రిన్ అనే పురుగుల మందున్న స్ప్రేలు పాము మీద కొట్టేవి కావు. పాముని, నీళ్ల గిన్నెని బయట పెట్టి, ఖాళీ ట్యాంక్‌లో లేబుల్ మీద చెప్పినంతే కొట్టి, కిటికీలు తెరిచి, వాసన లేకుండా పూర్తిగా ఆరాకే పాముని లోపల పెట్టాలి. పర్మెత్రిన్ పిల్లులకి విషం, చేపలకీ విషమే. ఆ గదిలో పెంపుడు టరాంటులా సాలీడు ఉంటే అదీ పోతుంది. ఐవర్మెక్టిన్ అనే మందు గురించి ఎవరైనా చెప్తే, వెట్ చేతిలో తప్ప ముట్టుకోకండి. అది తాబేళ్ల ప్రాణం తీస్తుంది. మందు వద్దనుకునేవాళ్లు స్ట్రాటియోలేలాప్స్ సిమిటస్ అనే వేటాడే మైట్స్‌ని వదులుతారు. అవి పాము మైట్స్‌ని తింటాయి, పాముని ఏమీ చేయవు. వాటిని వదిలి పైన స్ప్రే కూడా కొడితే డబ్బు దండగ, అవీ చచ్చిపోతాయి.

కొబ్బరినూనె రాయమని నాకు ముగ్గురు చెప్పారు. ఒంటి మీద ఉన్న కొన్నింటికి ఊపిరాడకపోవచ్చు, మూలల్లో ఉన్న గుడ్లకి ఏమీ కాదు, పాము మాత్రం జిడ్డుగా తయారవుతుంది.

అసలు మందు క్యాలెండరే. చాలా మందులు గుడ్లని చంపవు, కాబట్టి అవి పగిలాక వచ్చే పిల్లలకోసం కాచుకుని ఉండాలి. మేం ప్రతి నాలుగు రోజులకి పేపర్ టవల్ మార్చి, పాతదాన్ని కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చుక్కలు లెక్కపెట్టేవాళ్లం. 31, 12, 3, 0, మళ్లీ 2. ఆ రెండు కనిపించినప్పుడు మావాడు ఏడ్చినంత పని చేశాడు. ఆఖరి చుక్క కనిపించిన రోజు నుంచి ఆరు వారాలు మళ్లీ మొదటి నుంచి లెక్క పెట్టాం. మైట్స్ వల్ల కుబుసం ముక్కలుగా ఊడొచ్చు, తిండి మానేయొచ్చు. నోటి లోపల పాలిపోయినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా ఆగకండి, అదే రోజు వెట్ దగ్గరికి తీసుకెళ్లండి. రక్తం తగ్గిపోవడం ఒకటి, అవి మోసుకొచ్చే ఇన్‌ఫెక్షన్లు ఇంకొకటి. బోవాలు, పైథాన్లలో వచ్చే ఇన్‌క్లూజన్ బాడీ డిసీజ్ అనే వైరస్ జబ్బుని ఇవి అంటిస్తాయనే అనుమానం కూడా ఉంది.

ఇండియాలో ఉన్న మనవాళ్లకి ఒక్క మాట. అక్కడి పాముల్ని 1972 వన్యప్రాణి చట్టం కాపాడుతుంది, పట్టి పెంచడం నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ జాతి ఇంట్లో ఉంటే 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. వెట్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం చేతిలో ఉంటే మంచిది.

కార్న్ స్నేక్ ఇంకా గెస్ట్ రూమ్‌లోనే ఉంది. దానికి ఇంకో పందొమ్మిది రోజులు. వచ్చే వారం అమ్మ వస్తోంది, తనకి హాల్లో సోఫా కమ్ బెడ్ వేస్తున్నాం.