నెదర్లాండ్స్‌లో సైకిల్ మీద ఆఫీసుకు: కొత్తగా పోయే మన సీమ పిల్లలకు

ఈ వేసవిలో రెండు నెలలు అనంతపురంలోనే ఉన్నాను. ఆ రెండు నెలల్లో నెదర్లాండ్స్‌లో ఉద్యోగం వచ్చిన పిల్లలు నలుగురు సాయినగర్‌లో మా ఇంటికి వచ్చారు. ఒకబ్బాయిది కడప, ఒకమ్మాయిది కర్నూలు, మిగతా ఇద్దరూ ఇక్కడివాళ్లే. వీసా గురించి అడిగారు, ఇంటి అద్దెల గురించి అడిగారు, ఊరగాయ ఎంత పట్టుకుపోనిస్తారో కూడా అడిగారు. సైకిల్ గురించి ఒక్కరూ అడగలేదు. దిగిన రెండో వారం నుంచి రోజూ పని పడేది దానితోనే కాబట్టి, వాళ్లకు నేనుగా చెప్పినవి మిగతావాళ్లకూ పనికొస్తాయని రాస్తున్నాను. నేను అక్కడ యూట్రెక్ట్ అనే ఊళ్లో ఆరేళ్లుగా ఉంటున్నాను. ఆఫీసు ఏడు కిలోమీటర్లు, పోయేదీ వచ్చేదీ సైకిల్ మీదే.

ముందు నామోషీ సంగతి. మన దగ్గర సైకిల్ అంటే స్కూలు పిల్లలది, లేదంటే బండి కొనలేనివాళ్లది అన్నట్టు చూస్తారు. మా నాన్న ఉద్యోగం చేసినన్నాళ్లూ సైకిల్ మీదే పోయాడు. ఆ ఆఫీసులో రేకుల షెడ్డు కార్లకూ మోటారు బండ్లకూ మాత్రమే, సైకిల్ అయితే ప్రహరీగోడ పక్కన ఎండలో పెట్టుకోవాల్సిందే. మే నెలలో సాయంత్రం ఐదింటికి ఆ సీటు పెనంలా కాలేది. నాన్న కుళాయి దగ్గర చేతిరుమాలు తడిపి, పిండి, సీటు మీద పరిచి, ఒక నిమిషం ఆగి ఎక్కేవాడు. చిన్నప్పుడు ఆయన కోసం గేటు బయట నిలబడి ఎన్నోసార్లు చూశాను. అందుకే యూట్రెక్ట్‌లో ఉద్యోగంలో చేరిన రోజు మా డైరెక్టర్ నా పక్కనే సైకిల్‌కు తాళం వేస్తుంటే కాసేపు కదల్లేకపోయాను. మార్క్ రుట్టే నెదర్లాండ్స్ ప్రధానిగా ఉన్నప్పుడు ఆఫీసుకు సైకిల్ మీద పోయే ఫొటోలు మీరూ చూసే ఉంటారు. ఆ దేశంలో జనం కోటీ ఎనభై లక్షలు, సైకిళ్లు అంతకంటే ఎక్కువ. కాబట్టి 'ఇప్పటికి సైకిల్, తర్వాత కారు కొంటాను' అని ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోకండి, అక్కడ ఎవరూ అడగరు.

ఇక తొక్కడం. కర్నూలు అమ్మాయికి సైకిల్ రాదు. వాళ్లమ్మ 'ఉద్యోగం చేసే పిల్ల సైకిల్ తొక్కుకుంటా పోతాదా?' అని బాధపడింది. పోతుందమ్మా, అందరూ అట్లనే పోతారు అని చెప్పి, పోయేలోపు పొద్దున్నే అవుట్‌డోర్ స్టేడియం దగ్గర నేర్చుకోమన్నాను. ఇక్కడ కుదరకపోయినా భయం లేదు, అక్కడ చాలా ఊళ్లలో వేరే దేశాల నుంచి వచ్చిన పెద్దవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు, సైకిల్ నేర్పే స్వచ్ఛంద సంస్థలు ఉన్నాయి.

తొక్కడం వచ్చినవాళ్లకూ ఒక హెచ్చరిక. అక్కడి సాదా సైకిళ్లలో చాలావాటికి హ్యాండిల్ దగ్గర బ్రేకు ఉండదు, పెడల్ వెనక్కి తొక్కితే బ్రేకు పడుతుంది. మన సైకిల్‌కు పెడల్ వెనక్కి తిప్పితే ఊరికే తిరుగుతుంది కదా, సిగ్నల్ దగ్గర ఆ అలవాటుతో కాలు సర్దుకోబోతే చక్రం టక్కున ఆగిపోతుంది. కొన్న రోజే ఖాళీ వీధిలో అరగంట సాధన చేయండి. రోడ్డుకు కుడివైపు నడపాలి. దారి మీద తెల్లటి త్రిభుజాల వరుస ఉండి వాటి మొనలు మీవైపు చూస్తుంటే, ఆగి అవతలివాళ్లకు దారి ఇవ్వాల్సింది మీరే. చీకటిపడితే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు తప్పనిసరి. డిసెంబరులో తెల్లారేసరికి పొద్దున ఎనిమిదిన్నర దాటుతుంది, సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది, అంటే పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ చీకటే. 2019 జులై నుంచి సైకిల్ తొక్కుతూ చేతిలో ఫోన్ పట్టుకోవడం కూడా నేరం, జరిమానా గట్టిగానే ఉంటుంది.

తాళాలు రెండు ఉండాలి, వెనక చక్రానికి ఒకటి, స్తంభానికి కట్టే గొలుసు ఒకటి. రోడ్డు మీద ఎవరైనా చాలా చవకగా సైకిల్ అమ్ముతానంటే అది దొంగ సొత్తే అనుకోండి, కొన్నందుకు మీ మీద కేసవుతుంది.

యూట్రెక్ట్ స్టేషన్ కింద 12,500 సైకిళ్లు పట్టే స్టాండు ఉంది, ప్రపంచంలోనే పెద్దది, మొదటి 24 గంటలు ఉచితం. పెట్టిన అంతస్తూ వరుస నంబరూ ఫొటో తీసుకోండి.

ఇప్పుడు ఆఫీసు. కాంట్రాక్టు చేతికి రాగానే 'రైస్‌కోస్టెన్' (reiskosten) అనే మాట వెతకండి, అది రానుపోను ఖర్చు. 2024 నుంచి కంపెనీ కిలోమీటరుకు 0.23 యూరోల దాకా పన్ను లేకుండా ఇవ్వొచ్చు, సైకిల్ మీద వచ్చినా సరే. ఇచ్చి తీరాలని చట్టం లేదు, కాబట్టి అడిగి కాంట్రాక్టులో రాయించుకోవాలి. నాకు రోజుకు 14 కిలోమీటర్లు, అంటే 3.22 యూరోలు. మనవాళ్లు జీతం గురించి గంటసేపు బేరమాడతారు గానీ దీని గురించి నోరు తెరవరు, కారుకే ఇస్తారేమో అనుకుని ఊరుకుంటారు. ఇంకొకటి, 2020 నుంచి కంపెనీయే సైకిల్ ఇచ్చే పద్ధతి ఉంది. సైకిల్ ధరలో 7 శాతం ఏడాదికి మీ ఆదాయానికి కలిపి దాని మీద పన్ను వేస్తారు. అంటే 2,000 యూరోల బ్యాటరీ సైకిల్‌కు ఆదాయంలో కలిసేది 140 యూరోలే. దూరం పది కిలోమీటర్లు దాటితే ఇది తప్పకుండా అడగండి.

అనంతపురంలో ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన, అదీ కొన్ని రోజుల్లోనే కురిసి పోతుంది. అక్కడ ఏడాది పొడవునా సన్నగా, అడ్డంగా, గాలితో కలిపి కొడుతుంది. రామగిరి గాలిమరల కింద నిలబడినవాళ్లకు ఆ గాలి ఎట్లా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు, ఆ గాలికి ఎదురు తొక్కాలి. నేను మొదటి నవంబరులో మోకాళ్ల దాకా తడిసి ఆఫీసుకు పోయి, తడి సాక్సులతోనే పొద్దున తొమ్మిదింటి మీటింగులో గంటన్నర కూర్చున్నాను. ఆఫీసులో బట్టలు ఆరేసుకునే గది ఉంది, కింద స్నానాల గది ఉంది, లాకరు కూడా ఉంది. నాకు ఎవరూ చెప్పలేదు. వాళ్లు చెడ్డవాళ్లై కాదు, పుట్టినప్పటి నుంచీ అలవాటైన సంగతి కొత్త మనిషికి చెప్పాలని వాళ్లకు తోచదు, అంతే. వారం తర్వాత నా పక్క సీటు ఆవిడ వాన ప్యాంటు అంటే ఏమిటో చూపించింది. మామూలు ప్యాంటు మీద తొడుక్కుని, ఆఫీసులో విప్పి కొక్కేనికి తగిలిస్తే సరిపోతుంది!

అందుకే మొదటి రోజే ఇవి అడగండి: సైకిల్ ఎక్కడ పెట్టాలి, తడిస్తే బట్టలు ఎక్కడ ఆరేసుకోవాలి, స్నానాల గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది, గాలిపంపు ఉందా. డెస్కు సొరుగులో ఒక జత సాక్సులు, ఒక తువ్వాలు పెట్టుకోండి. చుడీదార్ వేసుకునేవాళ్లు వెనక చక్రానికి రెండువైపులా కవరు ఉన్న సైకిలే కొనండి, చున్నీ చక్రంలో పడదు.

అక్కడ ఇప్పటికే లీడ్లుగా, మేనేజర్లుగా ఉన్న మన అన్నలకూ అక్కలకూ కూడా ఒక మాట. మీ టీములోకి కడప నుంచో నంద్యాల నుంచో ఒక పిల్లవాడు వస్తే, లాప్‌టాప్ పాస్‌వర్డుతో పాటు ఆ ఆరబెట్టే గది కూడా చూపించండి. వాన పడుతున్న రోజు మీటింగు ఒక పావుగంట వెనక్కి జరపండి. సైకిల్ మీద వచ్చినవాళ్లు కాస్త ఊపిరి తీసుకుని, ముఖం తుడుచుకుని కూర్చుంటారు. ఇవేవీ డబ్బు ఖర్చయ్యే పనులు కావు.

పోయేముందు ఇక్కడే ఒక పని చేసి పొండి. మీ వీధి చివర సైకిల్ షాపులో ఒక గంట కూర్చుని పంక్చర్ వేయడం నేర్చుకోండి. ట్యూబు నీళ్లలో ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడటం, అక్కడ గరుకు కాగితంతో రుద్దడం, సొల్యూషన్ పూసి, అది కొంచెం ఆరాకే ముక్క అతికించడం. ఆరకముందే అతికిస్తే నిలవదు. అక్కడ షాపులో ఇదే పనికి పది, పదిహేను యూరోలు తీసుకుంటారు, పైగా చాలాసార్లు మర్నాడు రమ్మంటారు. ఆ మర్నాడు మీరు ఆఫీసుకు బస్సులో పోవాల్సి వస్తుంది.