యూదుల మెస్సీయ గురించి చదవాలంటే ఎక్కడ మొదలెట్టాలి, ఎలా చదవాలి

ఈ టాపిక్ చదవడం మొదలెట్టిన వాళ్ళు ఫస్ట్ అడిగేది "ఆయన ఎవరు, ఎప్పుడొస్తాడు" అని. నేనూ అలాగే మొదలెట్టి చాలా టైమ్ పాడుచేసుకున్నా, ఎందుకంటే ఆ ప్రశ్న పట్టుకుని యూదుల పుస్తకాలు తెరిస్తే ఒక రబ్బీ, అంటే యూదుల మతగురువు, ఒకటంటాడు, పక్క లైన్లోనే ఇంకో రబ్బీ కాదంటాడు, చివరికి తల తిరగడం తప్ప ఏం మిగలదు. అదే "ఆ రోజులొస్తే లోకంలో ఏం మారి ఉండాలి" అని అడిగి చూడండి, అన్నీ కాస్త దారిలోకొస్తాయి. యుద్ధాలు ఆగాలి, చెదిరిపోయిన జనం తిరిగి చేరాలి, యెరూషలేం మళ్ళీ నిలబడాలి, దేవుడి గురించిన ఎరుక లోకమంతా నిండాలి. కింద చెప్పేదంతా ఈ రెండో ప్రశ్న చేతిలో పట్టుకుని చదవండి.

ముందు మాట సంగతి తేల్చుకోండి. మెస్సీయకి హీబ్రూ మాట మషియాహ్, అంటే నూనెతో అభిషేకం చేయబడినవాడు, అంతే. సౌలు రాజుకీ ఆ మాటే వాడారు, దావీదుకీ వాడారు, లేవీయకాండంలో యాజకుడికీ వాడారు. యెషయా 45 తీసి చూస్తే పర్షియా రాజు కోరెషుని కూడా దేవుడు తన అభిషిక్తుడు అంటాడు, ఆయన అసలు యూదుడే కాదు! అంటే ఆ మాట కనిపించిన ప్రతిచోటా చివరి రోజుల్లో వచ్చే రక్షకుడు అని అర్థం చేసుకుంటే మొదటి రోజే దారి తప్పుతారు. ఆ అర్థం దావీదు వంశం సింహాసనం పోయాక, క్రీ.పూ. 586లో బబులోను వాళ్ళు మొదటి ఆలయం కూల్చేశాక, ఆ వంశం నుంచి ఒక రాజు మళ్ళీ వస్తాడన్న ఆశ పెరిగే కొద్దీ గట్టిపడుతూ వచ్చింది. ఇంకోటి, అవతారం అనే మాట మనకి అలవాటు కదా, అది ఇక్కడికి తేకండి. యూదుల లెక్కలో మషియాహ్ మనిషే, అమ్మానాన్నలకి పుట్టిన మనిషి.

ఇప్పుడు చిన్న ఎక్సర్‌సైజ్. యెషయా 2లో మొదటి నాలుగు వచనాలు, తర్వాత యెషయా 11 పక్కపక్కన పెట్టుకుని చదవండి. మొదటిదాంట్లో కత్తులు నాగటి నక్కులవుతాయి, జనాలు యుద్ధం నేర్చుకోవడం మానేస్తారు, కానీ రాజు ఊసే లేదు, తీర్పు చెప్పేది దేవుడే. రెండోదాంట్లో దావీదు తండ్రి యెష్షయి మొద్దు నుంచి ఒక చిగురు వస్తుంది, బీదలకి న్యాయం చేస్తాడు, తోడేలు గొర్రెపిల్లతో ఉంటుంది. ఒకే పుస్తకంలో మనిషి లేని ఆశ ఒకటి, మనిషి ఉన్న ఆశ ఒకటి. తర్వాత వచ్చిన గొడవలన్నిటికీ విత్తనం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. వీటి తర్వాత 2 సమూయేలు 7, యిర్మియా 23, యెహెజ్కేలు 37, జెకర్యా 9, మలాకీ 3, 4 అధ్యాయాలు, దానియేలు 12 చదివితే చాలు. తెలుగు బైబిల్లో చదవొచ్చు, కాకపోతే పుస్తకాల వరస యూదులది వేరు. మన దగ్గర పాత నిబంధన మలాకీతో, అంటే ఏలీయా ప్రవక్త మళ్ళీ వస్తాడన్న మాటతో ముగుస్తుంది, యూదుల బైబిలు తనఖ్ మాత్రం దినవృత్తాంతాలతో, కోరెషు యెరూషలేముకి వెళ్ళమని చెప్పడంతో ముగుస్తుంది. దానియేలుని వాళ్ళు ప్రవక్తల విభాగంలో పెట్టరు కూడా.

నోట్‌బుక్‌లో మూడు గళ్ళు గీసుకోండి, ఇది మాత్రం స్కిప్ చేయొద్దు. ఒకటి యెమోత్ హమషియాహ్, అంటే మషియాహ్ రోజులు. రెండు తెహియత్ హమెతీమ్, చనిపోయినవాళ్ళు లేవడం. మూడు ఓలాం హబా, రాబోయే లోకం. ఏ వాక్యం ఏ గడిలోకి వెళ్తుందో రాసుకుంటూ పోండి. అన్నీ కలిపేసి "స్వర్గం" అని ఒక్క ముక్కలో రాసేసుకుంటే ఇక అయిపోయినట్టే. పెద్ద పండితులే ఇక్కడ ఒప్పుకోలేదు, మైమోనిడెస్ రాబోయే లోకం అంటే శరీరం లేని ఆత్మల స్థితి అంటాడు, నహ్మనిడెస్ కాదు, లేచిన శరీరాలతోనే అంటాడు.

తాల్ముద్ కి, అంటే పాతకాలం రబ్బీల చర్చల్ని పోగేసిన పెద్ద గ్రంథానికి, వెళ్ళేటప్పుడు మొత్తం చదవాలని దిగకండి, అందులో సన్హెద్రిన్ అనే భాగంలో 97 నుంచి 99 వరకు పేజీలు చాలు, సెఫారియా వెబ్‌సైట్‌లో ఇంగ్లీష్ అనువాదంతో ఫ్రీగా ఉంటుంది. ఇది సిద్ధాంత గ్రంథంలా ఉంటుందనుకుని వెళ్తే షాక్ అవుతారు, ఎందుకంటే ఇది వాదన, జోకు, కథ, ఏడుపు అన్నీ కలిసిన సంభాషణ. శిష్యులు కూర్చుని మషియాహ్ పేరేంటని వాదించుకుంటారు, ఎవరికి వాళ్ళు తమ గురువు పేరుకి దగ్గరగా ఉన్న పేరే చెప్తారు. రబ్బీ హిల్లెల్ అనే ఒకాయన ఇశ్రాయేలుకి ఇక మషియాహ్ లేడు, హిజ్కియా రాజు కాలంలోనే అయిపోయాడు అనేస్తాడు, ఆయన్ని తిడతారు కానీ ఆ మాట మాత్రం పుస్తకంలోంచి తీసేయలేదు చూడండి. షమువేల్ అనే పండితుడైతే ఈ లోకానికీ మషియాహ్ రోజులకీ తేడా ఒక్కటే, పరాయి రాజ్యాల కింద బతకడం ఉండదు, అంతే అంటాడు.

ఆ పేజీల్లో ఒక్క కథే చదివే ఓపికుంటే రబ్బీ యెహోషువ బెన్ లేవీ కథ చదవండి. మషియాహ్ ఎప్పుడొస్తాడని ఏలీయానే అడుగుతాడు, వెళ్ళి ఆయన్నే అడుగు, రోమ్ ద్వారం దగ్గర రోగిష్టి బీదల మధ్య కూర్చుని ఉంటాడు అంటాడు ఏలీయా. గుర్తుపట్టడం ఎలా? మిగతావాళ్ళు గాయాల కట్లన్నీ ఒకేసారి విప్పి మళ్ళీ కట్టుకుంటారు, ఆయన మాత్రం ఒక్కోటి విప్పి ఒక్కోటి కట్టుకుంటాడు, పిలుపొస్తే ఆలస్యం కాకూడదని. రబ్బీ వెళ్ళి ఎప్పుడొస్తావు స్వామీ అంటే "ఈరోజే" అంటాడు. రాడు. రబ్బీ తిరిగొచ్చి అబద్ధం చెప్పాడని ఏలీయా దగ్గర వాపోతే, ఆయన కీర్తన 95లోని మాట గుర్తుచేస్తాడు, ఈరోజే, మీరు ఆయన మాట వింటే. ఇన్నిసార్లు చదివినా ఆ కట్ల దగ్గర ఆగిపోతా నేను.

డేట్లు లెక్కేసే వీడియోలు, పుస్తకాలు కనిపిస్తే పక్కన పెట్టేయండి, అంతం లెక్కలు కట్టేవాళ్ళ ఎముకలు కుళ్ళిపోవాలి అని అదే సన్హెద్రిన్ 97లో ఉంది. యోహానాన్ బెన్ జక్కాయ్ అనే రబ్బీ పేరు మీద ఇంకో మాట ఉంది, చేతిలో మొక్క ఉన్నప్పుడు మషియాహ్ వచ్చాడని ఎవరన్నా చెప్తే ముందు మొక్క నాటి తర్వాత ఎదురెళ్ళు అని.

ఇదంతా అయ్యాక మైమోనిడెస్ ని తీయండి, ముందు కాదు. 12వ శతాబ్దంలో ఆయన రాసిన యూదు ధర్మశాస్త్ర గ్రంథం మిష్నే తోరాలో రాజుల నియమాల భాగం, చివరి రెండు అధ్యాయాలు 11, 12. చెక్‌లిస్ట్ లాగే ఉంటుంది. దావీదు వంశపు రాజు, తోరా, అంటే ధర్మశాస్త్రం, చదివి పాటించేవాడు, జనాన్ని ఆ దారిలో నడిపించేవాడు, దేవుడి యుద్ధాలు చేసేవాడు వస్తే మషియాహ్ అయ్యుండొచ్చు అని అనుకోవచ్చు, ఆలయం కట్టి చెదిరినవాళ్ళని పోగుచేస్తే అప్పుడు ఖాయం. మధ్యలో ఓడిపోయినా, చంపబడినా ఆయన కాదన్నమాట. అద్భుతాలు చేయనక్కర్లేదు, లోకం ఎప్పట్లాగే నడుస్తుంది అంటాడు.

ఈ చెక్‌లిస్ట్ తో చరిత్ర చూడండి. క్రీ.శ. 132లో రోమ్ మీద తిరగబడ్డ బార్ కోఖ్బాని రబ్బీ అకీవా అంతటాయన మషియాహ్ రాజు అన్నాడు, యోహానాన్ బెన్ తోర్తా అనే ఆయన "అకీవా, నీ దవడల్లో గడ్డి మొలిచినా దావీదు కొడుకు రాడు" అన్నాడు, 135లో తిరుగుబాటు అణిగిపోయింది. తర్వాత షబ్బెతాయ్ జ్వి, 1626లో స్మిర్నాలో (ఇప్పటి టర్కీలోని ఇజ్మీర్) పుట్టాడు, 1665లో గాజా నాథన్ ఈయనే మషియాహ్ అని ప్రకటించాక యూరప్ నుంచి యెమెన్ దాకా యూదులు ఊగిపోయారు, 1666లో ఒట్టోమన్ సుల్తాన్ ముందు ఆయన ముస్లిం అయిపోయాడు. ఆ దెబ్బ వల్లే తర్వాతి రబ్బీలు ఎవరన్నా మషియాహ్ అనగానే అంత అనుమానంగా చూశారు.

పుస్తకాలు పక్కన పెట్టి ప్రార్థన కూడా చూడాలి, మామూలు యూదుడికి ఈ నమ్మకం అందేది అక్కడే. రోజుకి మూడుసార్లు చేసే అమీదా ప్రార్థనలో వరసగా వచ్చే దీవెనల్లో 10వది చెదిరినవాళ్ళ కోసం, 14వది యెరూషలేం కోసం, 15వది దావీదు చిగురు కోసం. ఐగుప్తు నుంచి విడుదలని తలుచుకునే పస్కా పండగ రాత్రి ఏలీయాకి ఒక గ్లాసు పోసి పెట్టి తలుపు తీస్తారు.

ఇప్పటివాళ్ళ సంగతి క్లుప్తంగా. యూదులంతా ఒకటే నమ్ముతారని మాత్రం ఎక్కడా రాయకండి. రిఫార్మ్ అనే ఆధునిక శాఖ వాళ్ళు మనిషి కంటే యుగం మీదే ఆశ పెట్టుకున్నారు, 1885 పిట్స్‌బర్గ్ ప్రకటన చదవండి, వాళ్ళ ప్రార్థన పుస్తకాల్లో విమోచకుడు అన్నచోట విమోచన అని మార్చుకున్నారు కూడా. మత సియోనిస్టులకి, అంటే యూదుల సొంత దేశాన్ని మతపరంగా సమర్థించేవాళ్ళకి, ఇజ్రాయెల్ దేశం విమోచనకి మొదటి మొలక, సత్మార్ అనే కఠిన సంప్రదాయ హసీదు వర్గానికి అదే దేశం మషియాహ్ రాకముందే తొందరపడి చేసిన తప్పు. ఖబాద్ అనే ఇంకో హసీదు వర్గంలో కొంతమంది 1994లో చనిపోయిన తమ రెబ్బే (గురువు) మెనాఖెమ్ మెండెల్ ష్నీర్సన్ నే మషియాహ్ అంటారు, మిగతా యూదుల్లో ఎక్కువమంది ఒప్పుకోరు.

తెలిసిన యూదులెవరైనా ఉంటే అడగొచ్చు, కానీ క్రైస్తవులు యేసు గురించి అని చదివే యెషయా 53తో మొదలెట్టకండి. ఆ అధ్యాయంలో సేవకుడు అంటే ఇశ్రాయేలు జనమే అని మధ్యయుగపు వ్యాఖ్యాత రషీ కాలం నుంచి వాళ్ళ వ్యాఖ్యానాల్లో బాగా పాతుకుపోయింది, పైగా ఇలాంటి ప్రశ్నల మీద వాళ్ళని క్రైస్తవ రాజుల ముందు నిలబెట్టి బలవంతంగా వాదించమన్న చరిత్ర ఉంది, 1263లో బార్సిలోనాలో నహ్మనిడెస్ కి జరిగింది అదే. మీ ఇంట్లో పస్కా రాత్రి తలుపు ఎవరు తీసేవాళ్ళు, అప్పుడు ఏమనుకునేవాళ్ళు అని అడగండి. ఆ జవాబు విన్నాక ఇంటికొచ్చి యెషయా 11 ఇంకోసారి తీసి, తోడేలూ గొర్రెపిల్లా నిజం జంతువులా, లేక మైమోనిడెస్ అన్నట్టు బలమైన జాతులూ ఇశ్రాయేలూనా అని పక్కన పెన్సిల్ తో రాసుకోండి, పెన్ వద్దు, మళ్ళీ మార్చుకుంటారు.