పతకం చేతికొస్తే ముందు కిరీటం ఎక్కడుందో చూడండి

మా తిరుపతిలో మెడలో వేసుకునే గుండ్రటి బిళ్ళ ఏదైనా డాలరే. శనివారం సాయంత్రం బైరాగిపట్టెడలో మా ఇంటికొచ్చే పిల్లల చేతిలో మా తాత పతకం పెడితే, "ఇదేం డాలర్ సార్, స్వామి లేడే!" అంటారు. ముప్పై ఏళ్ళు బడిలో సోషల్ చెప్పాను. దేశ పాలన మారిన సందర్భంలో కొట్టించిన పతకాన్ని ఎలా చదవాలో వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు మాట: తోమకండి. చిత్తూరులో ఒక పాత సామాన్ల అంగట్లో నాకు 1832 నాటి బ్రిటిష్ పతకం దొరికింది. నల్లబడి ఉందని చింతపండు పెట్టి తోమాను. అది తగరం కలిసిన మెత్తటి లోహం. రాజు తల మీది వెంట్రుకల గీతలు అరిగిపోయాయి. ఆ బాధ ఇంకా పోలేదు. మెత్తటి పొడిగుడ్డతో దుమ్ము దులిపితే చాలు.

తర్వాత గదిలో లైటు ఆర్పేసి, ఫోన్ టార్చిని బల్లకు ఆనించి పక్కనుంచి వేయండి. పైనుంచి వెలుగు పడితే అంతా చదునుగా కనిపిస్తుంది. పక్కనుంచి పడితే ప్రతి గీతకూ నీడ వస్తుంది, అరిగిన అక్షరం కూడా లేస్తుంది.

ఇప్పుడు ఏది పైన, ఏది కింద అన్నది చూడండి. మా తాతది 1947 స్వాతంత్ర్య పతకం, అప్పట్లో సైన్యంలో ఉన్నవాళ్ళకు ఇచ్చినది. రిబ్బన్ కాషాయం, తెలుపు, ఆకుపచ్చ. ఒకవైపు అశోకుడి సింహాలు, కింద 15 ఆగస్టు 1947 అని ఇంగ్లీషులో ఉంటుంది. తిప్పితే అశోక చక్రం. ఆ చక్రం నెత్తిన బ్రిటిష్ కిరీటం! చుట్టూ లాటిన్ పొట్టి అక్షరాల్లో ఆరో జార్జి బిరుదులు. "స్వాతంత్ర్యం వచ్చాక కూడా కిరీటమేంది సార్?" అని పిల్లలు ప్రతిసారీ అడుగుతారు. అడగాల్సిన ప్రశ్న అదే. 1950 జనవరి 26 దాకా మనది డొమినియన్, అంటే సొంత ప్రభుత్వం ఉన్నా బ్రిటన్ రాజే రాజుగా ఉన్న దేశం. అప్పటిదాకా ఆయన మనకూ రాజే. అధికారం ఎవరిదో పతకం ఉన్నదున్నట్టు చెప్పింది.

దాని పక్కన రూపాయి నాణేలు రెండు పెడతాను. 1947 దాని మీద ఒకవైపు రాజు తల, వెనక పులి. 1950 దాని మీద రాజు ఉన్న చోట సింహాలు, పులి ఉన్న చోట గోధుమ వెన్నులు. మూడేళ్ళలో ఏం జరిగిందో ఇంతకన్నా బాగా నేను క్లాసులో ఎప్పుడూ చెప్పలేకపోయాను.

బొమ్మల అర్థం మాత్రం అవి పుట్టిన ఊళ్ళోనే వెతకాలి. చాలా పడగల పాము కనబడగానే మా పిల్లలు "ఆదిశేషుడు" అంటారు. ఏడుకొండల కింద పెరిగినవాళ్ళు, ఇంకేమంటారు! యూరప్‌లో అది గ్రీకు కథల వీరుడు హెర్క్యులిస్ చంపిన హైడ్రా. ఒక తల నరికితే మళ్ళీ మొలిచే చెడుకు గుర్తు, అందుకే అక్కడివాళ్ళు అవినీతిని అలా చూపించారు. కర్ర కొసన టోపీ ఉంటే స్వేచ్ఛ: రోమ్‌లో బానిసను విడిపించినప్పుడు టోపీ పెట్టేవారు. కలిపి కట్టిన కర్రల మోపును మాత్రం ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు, ఆ కథ మనకూ ఉంది.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది, పతకం మీద ఎవరు లేరో చూడడం. నా దగ్గరున్న 1832 పతకం బ్రిటన్ ఎన్నికల సంస్కరణ చట్టానిది. అంతకుముందు ఓల్డ్ సారమ్ అనే పాడుబడ్డ చోటుకు ఇద్దరు ఎంపీలు, మాంచెస్టర్ లాంటి పెద్ద ఊరికి ఒక్కరూ లేరు. దాన్ని సరిదిద్దినందుకు సంబరం. ఒకవైపు రాజు నాలుగో విలియమ్, రెండోవైపు ఆ చట్టం తెచ్చిన నాయకులు గ్రే, బ్రూమ్, రస్సెల్, ఆల్తోర్ప్ పేర్లు. పైన చిన్న బెజ్జం ఉంది చూడండి, అది దారం కట్టి వేసుకోవడానికి. ఇలాంటి చవక బిళ్ళ కొన్నది ఎక్కువగా మామూలు జనమే. కానీ పట్టణాల్లో ఏడాదికి పది పౌండ్ల అద్దె విలువ చేసే ఇంట్లో ఉండే మగవాళ్ళకే కొత్తగా ఓటొచ్చింది. ఆడవాళ్ళకు లేదు, కూలిపని చేసేవాళ్ళలో చాలామందికి లేదు. ఆ కోపంలోంచే 1838లో, మగవాళ్ళందరికీ ఓటు కావాలన్న చార్టిస్టుల ఉద్యమం లేచింది. ఆ బెజ్జం మీద వేలు పెట్టి ఈ సంగతి చెప్తుంటే నాకిప్పటికీ గొంతు పట్టేస్తుంది.

చివరగా, ఒకటి మీరే గీయండి. పోయిన వారం 1993లో అమల్లోకొచ్చిన పంచాయతీరాజ్ సవరణకు, అంటే మహిళలకు మూడోవంతు సీట్లు ఇచ్చినదానికి, పతకం గీయమన్నాను. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె కుర్చీ గీసింది. దాని చేతుల మీద గాజులేసుకున్న రెండు చేతులు, పైన ముఖం లేదు. "ఎవరమ్మా?" అంటే, "మా అవ్వ సార్. సర్పంచ్‌గా గెలిచింది గానీ కుర్చీలో తాతే కూర్చునేవాడంట" అంది. అంచు చుట్టూ ఏం రాయాలో ఇంకా తేల్చుకోలేదు. వచ్చే శనివారం అవ్వనే అడిగి వస్తానంది.