లెవల్ పెంచడానికి తొందరొద్దు: ఫైటింగ్ గేమ్స్ కొత్తగా ఆడేవాళ్లకు

స్ట్రీట్ ఫైటర్ 6లో కంప్యూటర్‌కు 1 నుంచి 8 దాకా లెవల్స్ ఉంటాయి. కొత్తవాళ్లంతా 1ని గెలవగానే 2, అది అయ్యాక 3 అని వరసగా ఎక్కేస్తారు. దయచేసి అలా ఎక్కకండి. కింది లెవల్స్‌లో మీరు ఎగిరి తన్నినా కంప్యూటర్ చాలాసార్లు ఊరుకుంటుంది. ఆ అలవాటే తర్వాత కొంప ముంచుతుంది.

ఎండాకాలం సెలవులకు పరకాల నుంచి హనుమకొండకు వచ్చిన మా చిన్నమ్మ కొడుకు లెవల్ 3 దాకా ఆ ఒక్క తన్నుతోనే నెట్టుకొచ్చాడు. లెవల్ 6 పెట్టగానే ఎగిరినప్పుడల్లా దెబ్బ తిన్నాడు. "అక్కా, నేను బటన్ నొక్కుడు చూసే కొడ్తాంది ఇది!" అన్నాడు.

వాడి అనుమానం ఊరికే వచ్చింది కాదు. పాత ఆర్కేడ్ గేమ్స్‌లో అలాగే జరిగేది. 1993లో వచ్చిన మోర్టల్ కాంబాట్ 2 ఆ విషయంలో పేరుమోసింది. ఇప్పటికీ పై లెవల్స్‌లో కంప్యూటర్‌ది మనిషి చూపు కాదు. డ్రైవ్ ఇంపాక్ట్ అనే బలమైన దెబ్బ తగలడానికి 26 ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) పడుతుంది. సెకనుకు 60 ఫ్రేములు కాబట్టి అది అర సెకను కూడా కాదు. టెన్షన్‌లో మనం దానికి జవాబివ్వడం మిస్సవుతాం, లెవల్ 8 దాదాపుగా మిస్సవదు. అందుకే దాన్ని ఓడించడమే లక్ష్యంగా పెట్టుకోవద్దు.

మరేం చేయాలి? ట్రైనింగ్ మోడ్‌కు వెళ్లి డమ్మీకి (మనం నేర్పినట్టే ఆడే ఉత్తుత్తి ప్రత్యర్థికి) మూడు పనులు రికార్డ్ చేయండి: ఎగిరొచ్చి తన్నడం, నడిచొచ్చి పట్టుకుని విసరడం, కదలకుండా కూర్చోవడం. మూడింటినీ ర్యాండమ్‌గా ప్లే చేయండి. మీరు ఎంచుకున్న పాత్ర రియు అయితే, డమ్మీ ఎగిరినప్పుడు కిందికి నొక్కి హెవీ పంచ్ కొట్టండి. డమ్మీ కాళ్లు నేల వదిలిన వెంటనే కొట్టొద్దు. మీ చెయ్యి పైకి లేచి దిగిపోతుంది, దాని కాలు మీ నెత్తిన పడుతుంది. తల మీదికి వచ్చేదాకా ఓపిక పట్టండి. కూర్చుని ఉన్నప్పుడు ఏమీ నొక్కకుండా ఉండటం కూడా ఈ ప్రాక్టీసులో భాగమే.

చిన్నపిల్లలకైతే మోడర్న్ కంట్రోల్స్ (నొక్కడం తేలిక చేసిన పద్ధతి) పెట్టండి. ముందుకు నొక్కి స్పెషల్ బటన్ కొడితే చాలు, రియు షోర్యుకెన్ (పైకి ఎగిరి కొట్టే గుద్దు) వచ్చేస్తుంది, దెబ్బ బలం మాత్రం కొంత తగ్గుతుంది. అది చీటింగ్ అనేవాళ్ల మాట పట్టించుకోవద్దు. పిల్లలు ఎప్పుడు కొట్టాలో ముందు నేర్చుకోనివ్వండి.

ఆ తర్వాతే లెవల్ 4. అక్కడ గెలుపోటములు చూడకండి, ఎగిరినప్పుడల్లా ఆపగలిగామా లేదా అన్నదే చూడండి. అది చేతికి వచ్చాక ఇంకో పని: అవతలివాడు కూర్చుని హెవీ కిక్‌తో కాళ్లు తుడిచేస్తుంటే, కూర్చునే బ్లాక్ చేసి, వాడు తేరుకునేలోపు కొట్టడం. ఒక విడత కూర్చుంటే ఒక్క పనే పెట్టుకోండి.

ఆడటానికి తోడు దొరకనివాళ్లు 2024లో వచ్చిన టెక్కెన్ 8లో గోస్ట్ బ్యాటిల్ చూడండి. అందులోని గోస్ట్‌లు నిజంగా ఆడినవాళ్ల పద్ధతిని నేర్చుకుని ఆడతాయి. ముందు మీ గోస్ట్‌తోనే ఆడండి. మీరు మాటిమాటికీ నొక్కే బటన్ ఏదో అక్కడ ఇట్టే తెలిసిపోతుంది.