ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం స్కోరు ఒక్కటే చూడకండి

మన శ్రీకాకుళం, విజయనగరం నుంచి విదేశీ చదువులకు సిద్ధమవుతున్న పిల్లలకు ఒక మాట. ఇంగ్లిష్ ఎంత వచ్చో చూసే ఐఈఎల్‌టీఎస్ పరీక్షలో యూనివర్సిటీ మొత్తం స్కోరు 6.5 అడిగిందని అక్కడితో ఆగకండి, దాని కింద వాక్యం కూడా చదవండి. ఏ విభాగంలోనూ 6 కంటే తగ్గకూడదని చాలాచోట్ల ఉంటుంది. లిజనింగ్ 7.5, రీడింగ్ 7, స్పీకింగ్ 6.5, రైటింగ్ 5.5 వస్తే మొత్తం 6.5 కిందే లెక్క, అయినా అలాంటిచోట ఆ స్కోరు పనికిరాదు.

మనవాళ్లను ఎక్కువగా దెబ్బ కొట్టేది రైటింగే. అందులో రెండో ప్రశ్నకు మొదటిదానికి రెట్టింపు విలువ. ఉన్న గంటలో 40 నిమిషాలు దానికే ఉంచండి, 250 పదాలకు తగ్గొద్దు. రోజూ ఒకటి రాసి, ఇంగ్లిష్ బాగా వచ్చిన మాస్టారి చేత దిద్దించుకోండి. బట్టీ పట్టిన వ్యాసాలను ఇట్టే పట్టేస్తారు.

ఒక్క విభాగమే తగ్గిందా? కంప్యూటర్ మీద రాసినవాళ్లు 60 రోజుల్లోపు అదొక్కటే మళ్లీ రాయొచ్చు. ఆ స్కోరు తీసుకుంటారో లేదో యూనివర్సిటీకి ముందే మెయిల్ పెట్టి అడగండి.

అన్నట్టు, ఈ పరీక్షకు ఆధార్ చెల్లదు, పాస్‌పోర్టు ఉండాల్సిందే. అందులో ఇంటిపేరు ఎలా ఉందో బుకింగ్‌లోనూ అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టండి.